కదలని బంతితో కుస్తీ

బౌలర్ ఉండడు. ఫీల్డర్లు ఉండరు. బంతి గాల్లో సుడులు తిరుగుతూ మీదికి రాదు. గడ్డిమీద బుద్ధిగా కూర్చుని మన కోసమే ఎదురుచూస్తుంటుంది. అయినా సరే... కొత్తగా గోల్ఫ్ పట్టినవాళ్లు కొట్టిన బంతి తిన్నగా పోయిందంటే ఆ రోజు పండగే! లోపం ఎక్కడుంది? క్లబ్‌లోనా, చేతుల్లోనా, నిలబడే తీరులోనా? గోల్ఫ్ స్వింగ్‌లో అందరూ చేసే పొరపాట్లేంటో, వాటిని సరిదిద్దుకునే దారులేంటో చూద్దాం రండి.

నాకు తెలిసిన ఓ పెద్దాయన ఉన్నారు. ఇంజినీరుగా రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ షటిల్ రాకెట్ కూడా ముట్టని మనిషి, అరవై దాటాక గోల్ఫ్ మీద మనసు పారేసుకున్నారు. అమెరికాలో ఉన్న కొడుకు ఓ కిట్టు కొనిచ్చాడు. ఇంకేముంది, వారానికి మూడు రోజులు తెల్లవారకముందే లేచి హైదరాబాద్ శివార్లలోని డ్రైవింగ్ రేంజ్‌కి ప్రయాణం. క్రికెట్‌కి నెట్స్ ఎలాగో గోల్ఫ్‌కి రేంజ్ అలాగ. బుట్టెడు బంతులు తీసుకుని వరసపెట్టి కొట్టుకోవడమే.

ఏడాది గడిచింది. బుట్టలు ఖాళీ అవుతూనే ఉన్నాయి కానీ బంతి మాత్రం దారికి రాలేదు. ఎదురుగా బయల్దేరినట్టే బయల్దేరి, సగం దూరం వెళ్లాక అరటిపండులా కుడివైపు వంగిపోయేది. పైగా నడుం నొప్పి ఒకటి మొదలైంది. ఇంట్లోవాళ్లు ‘ఈ వయసులో ఎందుకండీ ఇదంతా’ అనడం మొదలెట్టారు. చివరికి కిట్టు ఎవరికైనా ఇచ్చేద్దామనే నిర్ణయానికొచ్చారు. ఇచ్చేముందు ఒక్కసారి కోచ్‌కి చూపించుకుందామని వెళ్తుంటే నేనూ వెంటవెళ్లాను.

ఆ కోచ్ కుర్రాడు ఆయన్ని పది బంతులు కొట్టమన్నాడు. చూశాడు. స్వింగ్ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. “సార్, మీ గ్లవ్ ఒకసారి ఇస్తారా?” అని అడిగాడంతే. ఎడమచేతి గ్లవ్. అరచేతి మడమ దగ్గర, అంటే మణికట్టుకి కాస్త పైన, అరిగి చిల్లుపడి ఉంది. ఆ చిల్లే ఏడాది కథంతా చెప్పేసింది!

బంతి అబద్ధమాడదు

ఆ చిల్లు సంగతి తెలియాలంటే ముందు బంతి ఎందుకు వంగుతుందో తెలియాలి. (ఇక్కడ చెప్పేవన్నీ కుడిచేతివాటం వాళ్లకి. ఎడమచేతివాటమైతే తిరగేసి చదువుకోండి.)

గోల్ఫ్ బంతి బరువు 46 గ్రాములకు మించదు. క్లబ్ దాన్ని తాకి ఉండేది సెకనులో సుమారు రెండువేలో వంతు సేపు మాత్రమే. ఆ రెప్పపాటులో క్లబ్ ఫేస్ ఎటు చూస్తోంది, క్లబ్ ఏ దారిలో కదులుతోంది... బంతి భవిష్యత్తు ఎక్కువగా ఈ రెండిటి మీదే ఆధారపడి ఉంటుంది.

బంతి ఎటు బయల్దేరాలన్నది చాలావరకు క్లబ్ ఫేస్ చూస్తున్న దిక్కే నిర్ణయిస్తుంది. గాల్లో ఎటు వంగాలన్నది మాత్రం ఫేస్ చూసే దిక్కుకీ, క్లబ్ కదిలే దారికీ ఉన్న తేడా నిర్ణయిస్తుంది. దారికంటే ఫేస్ కుడివైపు తెరుచుకుని ఉంటే బంతి కుడివైపు వంగుతుంది. అదే స్లైస్. ఎడమవైపు మూసుకుని ఉంటే ఎడమవైపు వంగుతుంది. అది హుక్. పాత పుస్తకాల్లో చాలావాటిలో ఈ లెక్క తిరగేసి ఉండేది. క్లబ్ కదిలే దారిలోనే బంతి బయల్దేరుతుందని చెప్పేవారు. బంతినీ క్లబ్‌నీ కొలిచే రాడార్ పరికరాలు 2000 తర్వాత వాడకంలోకి వచ్చాక ఆ మాట తప్పని తేలింది.

ఇది తెలిస్తే ఏంటి లాభం అంటారా? అక్కడే ఉంది కిటుకు. బంతి మొదట ఎటు వెళ్లింది, తర్వాత ఎటు వంగింది అన్న రెండు సంగతులు గమనిస్తే చాలు, మీ తప్పు ఏంటో బంతే చెప్పేస్తుంది. ఎడమవైపు బయల్దేరి కుడికి వంగిందా? క్లబ్ బయటినుంచి లోపలికి, అడ్డంగా కోసినట్టు వస్తోందన్నమాట. కుడివైపే బయల్దేరి ఇంకా కుడికి పోయిందా? ఫేస్ బాగా తెరుచుకుని ఉందన్నమాట. చాలామంది బంతి ఎక్కడ పడిందనేదే చూసి ఉసూరుమంటారు. చూడాల్సింది అది వెళ్లిన దారిని!

మొదటి తప్పు చేతుల్లోనే

ఇప్పుడు ఆ గ్లవ్ దగ్గరికొద్దాం. అరచేతి మడమ దగ్గర చిల్లు పడిందంటే క్లబ్‌ని వేళ్లతో కాకుండా అరచేత్తో పట్టుకుంటున్నారని అర్థం. కర్ర పట్టుకున్నట్టు పిడికిలి బిగిస్తే మణికట్టు ఆడదు. ఫేస్ తెరుచుకునే ఉండిపోతుంది. పైగా స్వింగ్ మధ్యలో క్లబ్ చేతిలో కదిలి, అక్కడే రాసుకుంటుంది. పెద్దాయనకి జరిగింది అదే.

మరి సరైన పట్టు ఎలా? ఎడమచెయ్యి కిందికి వేలాడేసి, క్లబ్ వేళ్ల మొదళ్లలో ఏటవాలుగా ఆనేలా పెట్టి మూయండి. పైనుంచి చూస్తే ఎడమచేతి గుప్పిటలో రెండు మెటికలు, వీలైతే మూడు కనిపించాలి. ఒక్కటే కనిపిస్తోందంటే చెయ్యి ఎడమవైపుకి ఎక్కువ తిరిగిపోయినట్టే. ఇక రెండు చేతుల్లోనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏర్పడే గీత కుడి భుజం వైపు చూడాలి. బిగువెంత అంటారా? కోడిపిల్లని పట్టుకున్నంత. జారిపోకూడదు, నలిగిపోకూడదు.

ఇక్కడో హెచ్చరిక. గోల్ఫ్ పుస్తకాల్లో అందరికీ తెలిసినవాటిలో బెన్ హోగన్ 1957లో తెచ్చిన ‘ఫైవ్ లెసన్స్’ ఒకటి. తొమ్మిది మేజర్ టైటిళ్లు గెలిచిన ఆటగాడాయన. ఆయన చూపించిన పట్టులో ఎడమచెయ్యి కాస్త ఎడమవైపుకే తిరిగి ఉంటుంది. ఎందుకంటే మొదట్లో ఆయన్ని పీడించింది స్లైస్ కాదు, హుక్. బంతి ఎడమకి పోకుండా ఆపుకోవడానికి ఆయన వేసుకున్న మందు అది. స్లైస్‌తో బాధపడేవాళ్లు అదే పట్టు పట్టారనుకోండి... జలుబు చేసినవాడికి ఐసు నీళ్లు తాగించినట్టే! ఎంత గొప్పవాడిదైనా వేరొకరి చీటీతో మందు కొనుక్కోకూడదు.

పట్టాల మీద నిలబడండి

రెండో తప్పు కొట్టకముందే జరిగిపోతుంది. ఎటు కొట్టాలో అటు పాదాలు గురిపెట్టడం! లక్ష్యం వైపు చూడాల్సింది క్లబ్ ఫేస్. పాదాలూ మోకాళ్లూ భుజాలూ ఆ గీతకి సమాంతరంగా, దానికి ఎడమపక్కన ఉండాలి. రైలు పట్టాలు గుర్తుతెచ్చుకోండి. అవతలి పట్టా మీద బంతి, ఇవతలి పట్టా మీద మీరు. రెండూ కలవవు.

స్లైస్ ఉన్నవాళ్లు ఇక్కడే ఇంకో ఉచ్చులో పడతారు. బంతి కుడికి పోతోంది కదా అని కొంచెం ఎడమకి తిరిగి నిలబడతారు. అప్పుడు క్లబ్ దారి మరింత ఎడమకి పోతుంది. దారికీ ఫేస్‌కీ తేడా పెరుగుతుంది. బంతి ఇంకా ఎక్కువ వంగుతుంది. దాంతో ఇంకాస్త ఎడమకి... ఇలా అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు సాగుతుంది వ్యవహారం. పెద్దాయన ఎడమపక్క కంచెకేసి నిలబడి కొడుతున్నారన్న సంగతి ఆ రోజు పాదాల ముందు ఓ కర్ర పెట్టి చూపించేవరకూ ఆయనకే తెలియదు.

చిన్నదే కదా అనుకోకండి. ఫేస్ ఐదు డిగ్రీలు పక్కకి చూస్తే, గాల్లో అసలు వంగకపోయినా సరే, 200 గజాల దూరం వెళ్లేసరికి బంతి 17 గజాలు పక్కన ఉంటుంది.

క్రికెట్ చేతులు

మనలో గోల్ఫ్ మొదలుపెట్టేవాళ్లలో చాలామంది గల్లీ క్రికెట్ నుంచి వచ్చినవాళ్లే. రిటైరయ్యాక కపిల్‌దేవ్ గోల్ఫ్‌లో పడ్డారు. 2024లో ఏకంగా దేశంలోని ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్‌కి అధ్యక్షుడయ్యారు. క్రికెట్ ఆడిన చెయ్యి గోల్ఫ్‌కి కొంత సాయం చేస్తుంది, కొంత ఇబ్బందీ పెడుతుంది.

ఇబ్బంది ఏంటంటే- పొట్టి బంతిని మిడ్‌వికెట్ మీదుగా లాగి కొట్టే అలవాటు. క్లబ్‌ని పైకి ఎత్తగానే కుడి భుజం ముందుకు దూకుతుంది. క్లబ్ బయటినుంచి లోపలికి అడ్డంగా దిగుతుంది. స్లైస్‌కి పుట్టిల్లు ఇదే. మరో అలవాటు- స్ట్రెయిట్ డ్రైవ్‌లో ఎడమ మోచెయ్యి ఆకాశం వైపు ఎత్తి, బ్యాట్ ముఖాన్ని బౌలర్‌కి చూపిస్తూనే ఉండటం. క్రికెట్‌లో అది అందం. గోల్ఫ్‌లో అలా చేస్తే ముంజేతులు తిరగక ఫేస్ తెరుచుకునే ఉండిపోతుంది.

మరి సాయం? ముందుకాలు వేసి డ్రైవ్ చేయడం! గోల్ఫ్‌లో కిందికి దిగే స్వింగ్ మొదలవ్వాల్సింది భుజాలతో కాదు, ఎడమపాదంతోనే. కోచ్‌లు చేయించే ఓ అభ్యాసం ఇలాంటిదే. రెండు పాదాలూ దగ్గర పెట్టుకుని క్లబ్ ఎత్తండి. క్లబ్ పైకి చేరుతుండగా ఎడమకాలు లక్ష్యం వైపు ఓ అడుగు వేసి, అప్పుడు కొట్టండి. భుజం తొందరపడే అవకాశమే ఉండదు. ఇంకో చిట్కా- బంతికి అవతలిపక్క, నాలుగైదు వేళ్లు వెనగ్గా ఓ ఖాళీ అట్టపెట్టె పెట్టండి. క్లబ్ అడ్డంగా వస్తే పెట్టె ఎగిరిపోతుంది. పెట్టె కదలకుండా బంతి వెళ్లిందా, దారి కుదురుతున్నట్టే.

లేపబోతే లేవదు

బంతి గాల్లోకి లేవాలని కింద నుంచి తవ్వి లేపబోయేవాళ్లు కొందరు. దానికి ఫలితం రెండే రకాలు. క్లబ్ బంతికి ముందే నేలని తవ్వుకుంటుంది. లేదా బంతి నెత్తిన కొట్టి గడ్డిమీద పాకిస్తుంది.

నిజానికి బంతిని లేపే పని మీది కాదు, క్లబ్‌ది. సెవెన్ ఐరన్ ఫేస్ సుమారు 30 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. ఆ ఏటవాలే బంతిని పైకి పంపుతుంది. ఐరన్‌తో కొట్టేటప్పుడు క్లబ్ ఇంకా కిందికి దిగుతుండగానే బంతిని తాకాలి. బంతిని దాటాకే నేలని తాకాలి. అలా జరగాలంటే ఆ క్షణానికి బరువు ఎడమకాలి మీదకి వచ్చేసి ఉండాలి. లేపబోయేవాళ్లు కుడికాలి మీదే ఉండిపోతారు, అదీ తేడా. డ్రైవర్ సంగతి వేరు. అక్కడ బంతి టీ మీద ఎత్తుగా, ఎడమ మడమకి ఎదురుగా ఉంటుంది. దాన్ని కాస్త పైకి లేస్తున్న క్లబ్‌తో కొట్టాలి.

దీనికి బంతి కూడా అక్కర్లేని అభ్యాసం ఒకటుంది. గడ్డిమీద ముగ్గుపిండితో ఓ గీత గీయండి. గీతకి అటూ ఇటూ పాదాలు పెట్టి వట్టి స్వింగ్ చేయండి. క్లబ్ గీతకి ఏ పక్క గడ్డిని తాకుతోందో చూడండి. లక్ష్యం వైపు తాకుతుంటే సరే. వెనకవైపు తాకుతుంటే బరువు ఇంకా కుడికాలి మీదే ఉందని లెక్క.

బంతి నెత్తిన తగలగానే పక్కనున్నవాళ్లు చెప్పే మాట ఒకటుంది: ‘తల ఎత్తేశారు!’ ఉచితంగా దొరికే సలహాల్లో ఇదే అందరి నోటా వినిపించేది. అపకారం చేసేదీ ఇదే. నిజానికి అక్కడ లేచేది తల కాదు, నడుం. వంగి ఉన్న ఒళ్లు నిటారుగా లేస్తే తలా దాంతోపాటే లేస్తుంది. ఆ మాట పట్టుకుని తలని బలవంతంగా కిందికే దించి ఉంచితే ఒళ్లు తిరగదు, బరువు ముందుకు రాదు. బంతి వెళ్లాక తల తనంతట తానే తిరగాలి. తిరగనివ్వండి.

నడుం జాగ్రత్త

గోల్ఫ్‌లో పరుగుల్లేవు, ఢీకొట్టుకోవడాల్లేవు కాబట్టి దెబ్బలుండవనుకుంటాం. కానీ ఈ ఆటలో అందరికంటే ముందు ఫిర్యాదు చేసేది నడుమే. తుంటి తిరగకుండా పాదాలు నేలకి మేకులు కొట్టినట్టు పెట్టి, పైభాగాన్ని మాత్రమే మెలితిప్పితే ఆ భారమంతా నడుం మీదే పడుతుంది. పాతికేళ్ల ఒళ్లు ఓర్చుకుంటుందేమో. అరవయ్యేళ్ల ఒళ్లు ఓర్చుకోదు.

కోచ్ పెద్దాయనకి చెప్పిన మార్పులు చిన్నవే. ఎడమపాదాన్ని లక్ష్యం వైపు కాస్త తిప్పిపెట్టడం. క్లబ్ వెనక్కి వెళ్లేటప్పుడు ఎడమ మడమ లేస్తే లేవనివ్వడం. ఇదేదో వయసైపోయినవాళ్ల సర్దుబాటు అనుకునేరు. 18 మేజర్లు గెలిచిన జాక్ నిక్లాస్ మంచి వయసులోనే మడమ ఎత్తి ఆడారు! ఇక కొట్టాక బరువంతా ఎడమకాలి మీద, కుడి మడమ గాల్లో ఉండేలా ముగించాలి. వచ్చీరాగానే డ్రైవర్ తీయకుండా ఓ పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించి, చిన్న క్లబ్బుతో మొదలుపెట్టాలి. వంద బంతులు గబగబా కొట్టడం కన్నా నలభై బంతులు ఆలోచించి కొట్టడం మేలు. నొప్పి కాల్లోకి దిగుతున్నా, తిమ్మిరి ఉన్నా మాత్రం చిట్కాలు మానేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

బాగుపడేముందు చెడుతుంది

ఇన్ని తప్పులా అని బెంగపడకండి. అన్నీ ఒక్కసారి దిద్దుకోవాలనుకోవడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. కిందికి దిగే స్వింగ్ సెకనులో నాలుగోవంతు సేపు జరుగుతుంది. అంతలో ఐదు విషయాలు గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు. అందుకే ఒక వరస ఉంది. ముందు పట్టు, తర్వాత నిలబడే తీరు, ఆ తర్వాతే స్వింగ్. మొదటి రెండూ కదలకుండా ఉన్నప్పుడు చేసుకునేవే. విచిత్రమేంటంటే అవి కుదిరితే మూడోదాంట్లో కొన్ని తప్పులు వాటంతటవే సర్దుకుంటాయి. తెరుచుకున్న ఫేస్‌ని కాచుకోవడానికి ఒళ్లు చేసే సర్దుబాట్లే అవన్నీ!

రెండోది, ఓపిక. టైగర్ వుడ్స్ 1997లో 21 ఏళ్లకే మాస్టర్స్‌ని 12 స్ట్రోకుల తేడాతో గెలిచాడు. ప్రపంచమంతా ఆహా అంటుంటే తను మాత్రం కోచ్ బుచ్ హార్మన్‌తో కలిసి స్వింగ్‌ని విప్పి మళ్లీ బిగించుకోవడానికి కూర్చున్నాడు. 1998లో అమెరికా టూర్‌లో అతనికి దక్కింది ఒకే ఒక్క టైటిల్. పనైపోయిందన్నారు. 2000 జూన్ నుంచి 2001 ఏప్రిల్ లోపు వరసగా నాలుగు మేజర్లు గెలిచి జవాబిచ్చాడు. అంతటివాడికే అంత సమయం పడితే ఆదివారం ఆటగాళ్లకి రెండు వారాల్లో కుదరలేదని దిగులెందుకు?

మూడోది, ఏది తప్పో ఏది కాదో తెలుసుకోవడం. అమెరికా ఆటగాడు జిమ్ ఫ్యూరిక్ క్లబ్‌ని నిట్టనిలువుగా ఎత్తి, మెలిక తిప్పి దించుతాడు. చూడ్డానికి వింతగా ఉంటుంది. ఆ స్వింగ్‌తోనే 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. 2016లో ఒక రౌండ్‌ని 58 స్ట్రోకుల్లో ముగించి పీజీఏ టూర్‌లో రికార్డు సృష్టించాడు. బంతిని తాకే క్షణంలో అతని ఫేస్ సరిగ్గా ఉంటుంది, అంతే. మరోవైపు బాస్కెట్‌బాల్ దిగ్గజం చార్లెస్ బార్‌క్లీ. ఒకప్పుడు బాగానే ఆడిన ఆయనకి కిందికి దించేటప్పుడు చెయ్యి మధ్యలో ఆగిపోయే జబ్బు పట్టుకుంది. 2009లో పేరున్న కోచ్ హ్యాంక్ హేనీ టీవీ కార్యక్రమంలో నెలల తరబడి పాఠాలు చెప్పినా ఆ సమయంలో అది వదల్లేదు. ఆలోచనలు ఎక్కువైతే చేతులు ఆగిపోతాయి మరి. కాబట్టి అందంగా లేదని స్వింగ్‌ని దిద్దకండి. బంతి వినకపోతేనే దిద్దండి.

ఖర్చు లేని పరీక్షలు

• పౌడర్: క్లబ్ ఫేస్ మీద కాస్త టాల్కం పౌడర్ అద్ది కొట్టండి. బంతి తగిలినచోట మచ్చ పడుతుంది. మచ్చలు ఎప్పుడూ మడమవైపే, అంటే కాడకి దగ్గరగానే పడుతుంటే డ్రైవర్‌తో స్లైస్ ఇంకా పెరుగుతుంది. నిలబడే దూరం సరిచూసుకోండి.

• సెల్‌ఫోన్: ఫోన్‌ని చేతుల ఎత్తులో, లక్ష్యానికి ఎదురుగా మీ వెనకవైపు పెట్టి స్లోమోషన్‌లో తీయండి. మనం చేస్తున్నాం అనుకునేదీ, నిజంగా చేసేదీ ఒకటి కాదని మొదటి వీడియోలోనే తెలుస్తుంది.

• తువ్వాలు: బంతికి జానెడు వెనక మడతపెట్టిన తువ్వాలు ఉంచండి. ఐరన్‌తో తువ్వాలుని తాకకుండా బంతిని కొట్టాలి.

• లెక్క: ‘ఒకటి, రెండు, మూడు’ అంటూ క్లబ్ పైకి, ‘నాలుగు’ అంటూ కిందికి. పేరున్న ఆటగాళ్ల స్వింగుల్లో పైకి పట్టే సమయం కిందికి పట్టేదానికి దాదాపు మూడు రెట్లు ఉంటుంది.

• అద్దం: రోజూ ఐదు నిమిషాలు ఇంట్లో అద్దం ముందు పట్టు పట్టడం, వదలడం. క్లబ్ ఊపొద్దు. ఫ్యాను జాగ్రత్త!

ఇంతకీ పెద్దాయన సంగతి చెప్పలేదు కదూ! కొత్త పట్టుతో మొదటి మూడు వారాలూ బంతి ఎటు పోయేదో ఆయనకే తెలిసేది కాదు. ‘పాతదే నయం బాబూ’ అని రెండుసార్లు అలిగారట. రెండు నెలల తర్వాత మళ్లీ వెళ్లి చూశాను. పదింటిలో ఆరో ఏడో మధ్యలోకి పోతున్నాయి. అవీ తిన్నగా కాదు, చివర్లో కాస్త కుడికి ఒదుగుతున్నాయి. ఆ కాస్తకీ లెక్కేసుకుని గురి పెడుతున్నారాయన. నడుం నొప్పి తగ్గింది. కిట్టు ఇచ్చేసే మాట మళ్లీ ఎత్తలేదు.

వచ్చేస్తుంటే ఎడమచెయ్యి చాపి కొత్త గ్లవ్ చూపించారు. అరచేతి దగ్గర ఎక్కడా అరగలేదు!